మందు పట్టడం మానేసినప్పుడు

కుంగుబాటుకు నేను కొన్నేళ్లుగా రోజూ పది మిల్లీగ్రాముల ఎస్సిటాలోప్రామ్ వేసుకుంటూ వచ్చాను. నన్ను మళ్లీ తరగతి గదిలో నిలబెట్టింది ఆ మాత్రే కనుక, నిరుడు వానాకాలంలో పాత లక్షణాలు ఒక్కొక్కటిగా తలెత్తుతున్నా మందు మీదికి అనుమానం వెంటనే పోలేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, ఆపైన కన్ను మూతపడేది కాదు. దిద్దాల్సిన జవాబు పత్రాల కట్ట బల్ల మీద ఎదురుగా ఉన్నా దాని దారం విప్పడానికి చేయి వచ్చేది కాదు.

సంగతి విన్న మా అక్క, "ఇన్నేండ్ల సంది గోలీలు మింగుతున్నవ్ తమ్ముడూ, ఒంటికి అలవాటైపోయినయ్. ఇగ బంద్ చెయ్యరాదు?" అన్నది. ఆమె మాటలో సగం నిజం లేకపోలేదు. క్రమం తప్పకుండా మందు వేసుకుంటున్నవారిలో కూడా కొందరికి జబ్బు తిరగబెడుతుందని వైద్యులే చెబుతారు. రెండో సగమే ప్రమాదం. ఈ రకం మందును ఉన్నట్టుండి ఆపేస్తే కళ్లు తిరగడం, వికారం, చిరాకు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు జలదరింపు రావచ్చు. పైగా అవన్నీ జబ్బు ముదిరిన లక్షణాల్లాగే కనిపించి, ఏది జబ్బో ఏది మందు ఆపిన ఫలితమో తేల్చుకోలేని అయోమయంలో పడేస్తాయి. అందుకని మాత్ర ఆపకుండానే, నాకు మొదటినుంచి వైద్యం చేస్తున్న సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను.

వెంటనే కొత్త మందు రాసిస్తారనుకుంటే, ఆయన చాలాసేపు ప్రశ్నలే వేశారు. మాత్ర రోజూ వేసుకుంటున్నానా, మధ్యలో వేరే ఏ జబ్బుకైనా మందులు మొదలుపెట్టానా, మద్యం అలవాటు ఉందా, గురక వస్తుందా, ఇంట్లోగానీ ఉద్యోగంలోగానీ ఏమైనా మారిందా అని అడిగారు. ఎప్పుడైనా కొన్నాళ్లపాటు నిద్ర లేకపోయినా అలసట తెలియక, మాటలూ ఖర్చులూ అదుపు తప్పేంత హుషారు కలిగిందా అని మా ఆవిడను ప్రత్యేకంగా అడిగారు. అలాంటి దశలుంటే అది బైపోలార్, అంటే అతి హుషారూ కుంగుబాటూ మారిమారి వచ్చే జబ్బు, కావచ్చు; దానికి కుంగుబాటు మందొక్కటే ఇస్తే మేలుకన్నా కీడే ఎక్కువ జరగవచ్చు. ఈ ప్రశ్నకు రోగి కన్నా ఇంట్లోవాళ్లే సరైన జవాబు చెప్పగలరు కాబట్టి, మొహమాటపడకుండా ఒకరిని వెంట తీసుకెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

తర్వాత అడిగినది నన్ను ఆలోచనలో పడేసింది. "మాస్టారూ, మీకు బాధగా ఉందా, లేక ఏమీ అనిపించడం లేదా?" ఈ తరగతి మందుల వల్ల కొందరికి దుఃఖంతో పాటు సంతోషం కూడా మొద్దుబారుతుందట. మనవడు నవ్వినా, దగ్గరివాళ్లు పోయినా లోపల ఏమీ కదలకపోతే అది మందు ప్రభావం కావచ్చు. అప్పుడు మోతాదు పెంచితే ఆ మొద్దుతనం ఇంకా పెరగవచ్చు. నాకున్నది మాత్రం అచ్చమైన బాధే. పిహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలోని తొమ్మిది ప్రశ్నలను ఆయన తెలుగులో చదివి వినిపించారు. గడచిన రెండు వారాల్లో ఒక్కో లక్షణం ఎన్నాళ్లు వేధించిందన్నదాన్ని బట్టి సున్నా నుంచి మూడు వరకు అంకె వేస్తారు, అన్నీ కలిపి గరిష్ఠంగా 27. తొమ్మిదో ప్రశ్న చావు గురించిన ఆలోచనలది. దాని దగ్గర ఆయన కలం ఆపి, నా ముఖం చూసి, మళ్లీ అడిగారు. అలాంటి ఆలోచన వస్తే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగవద్దనీ, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చనీ, తెలుగులోనే మాట్లాడతారనీ చెప్పారు.

రక్తపరీక్షల్లో థైరాయిడ్ సరిగానే ఉంది కానీ బి12 బాగా తక్కువగా తేలింది. నాలాగా షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఈ విటమిన్ తగ్గుతుందనీ, నీరసం, మతిమరుపు, కుంగుబాటు దాని వల్ల కూడా రావచ్చనీ అప్పుడు తెలిసింది. షుగరు డాక్టరుకూ మనసు డాక్టరుకూ మధ్య రోగి ఒక్కడే వారధి అయ్యే మన పద్ధతిలో, వేసుకునే మాత్రలన్నింటినీ ఒకే కాగితం మీద రాసి ఇద్దరికీ చూపడం తప్పనిసరి. బి12 ఇంజెక్షన్లతో అరికాళ్ల తిమ్మిరి, ఒంట్లో నీరసం తగ్గాయి. మనసు మాత్రం కొంతే తేలికపడింది.

దాంతోపాటే ఎస్సిటాలోప్రామ్‌ను 20 మిల్లీగ్రాములకు పెంచారు. మోతాదు మార్చాక నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలన్నారు. ఆ గడువు దాటినా ప్రశ్నావళి అంకె పెద్దగా దిగలేదు. ఇక రెండు దారులున్నాయి: ఉన్న మందుకు మిర్టజాపిన్, అరిపిప్రజోల్, లిథియం వంటి మరొకటి జోడించడం, లేదా మందే మార్చడం. 2006లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నవారు సుమారు మూడో వంతేననీ, మందు మార్చడం వైఫల్యమేమీ కాదనీ ఆయన ధైర్యం చెప్పారు. (ఆ అధ్యయనం మొత్తం ఫలితాలను ఎక్కువ చేసి చూపిందని 2023లో ఒక పునఃపరిశీలన వాదించింది. అయినా మొదటి మందే అందరికీ సరిపోదన్న సంగతి మారదు.)

నా విషయంలో మార్చడానికే నిర్ణయించారు. పాతదాన్ని మెట్టుమెట్టుగా దించుతూ, వెన్లాఫాక్సిన్‌ను 37.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పెంచుతూ పోయారు. రెండూ ఒంట్లో ఉన్న ఆ రోజుల్లో చేతులు వణకడం, విపరీతమైన చెమట, జ్వరం, కంగారు కలిసి వస్తే నేరుగా ఆసుపత్రికి రమ్మన్నారు. మోకాళ్ల నొప్పికని ఎవరైనా ట్రమడాల్ రాసినా తనను అడగకుండా వేసుకోవద్దన్నారు. నాకు వచ్చినవి వికారం, నోరెండిపోవడం, రాత్రిపూట చెమట మాత్రమే. ఈ మందు బీపీ పెంచగలదు కనుక ప్రతిసారీ బీపీ చూసేవారు. మధ్యలో సైకాలజిస్టు దగ్గర సీబీటీ, అంటే ఆలోచనల తీరును మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స, కూడా మొదలైంది. మందుకు అందని కొన్ని మనసు ముడులు, ముఖ్యంగా తెల్లవారుజామున నన్ను నేనే దోషిగా నిలబెట్టుకునే అలవాటు, అక్కడే కాస్త వదులయ్యాయి.

ఇప్పుడు 150 మిల్లీగ్రాముల దగ్గర ఆగాను. అంకె ఒకప్పటి సగానికన్నా కిందికి వచ్చింది, నిద్ర ఐదింటిదాకా పడుతోంది. ఇది తిరగబెట్టిన జబ్బు కనుక కనీసం రెండేళ్లయినా కొనసాగించాలన్నారు. వెన్లాఫాక్సిన్ ఒక్కరోజు తప్పినా కళ్లు తిరుగుతాయి, చిన్న ఊళ్ల మందుల షాపుల్లో ఇది అన్నిచోట్లా దొరకదు; అందుకని ప్రయాణమున్నప్పుడు చీటీ నకలుతో పాటు ఒక అట్ట అదనంగా సంచిలో వేసుకుంటున్నాను.