నల్లగొండ నడుములకు యోగా, పిలాటీస్: క్లాసులో ముందు చూసేవి

యోగా, పిలాటీస్ (ఊపిరితో కలిపి కడుపు, వెన్ను కండరాలను బలపరిచే వ్యాయామ పద్ధతి) నేర్పే టీచర్‌ని జనం మొదట అడిగేది సర్టిఫికెట్. అడగాల్సిందే. యోగాకు 200 గంటల శిక్షణ ఇప్పుడు అంతటా నడుస్తున్న కనీస లెక్క. నల్లగొండ జిల్లాలో క్లాసు చెప్పాలంటే మాత్రం అది చాలదు. ఎదురుగా కూర్చున్న మనిషి వెన్ను ఎంత వంగుతుంది, వంగకపోతే ఎందుకు వంగడం లేదు అన్నది ముందు తేల్చుకోవాలి.

మర్రిగూడ, మునుగోడు వైపు ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు తాగినవాళ్లలో కొందరికి వెన్నుపూసలను కట్టి ఉంచే లిగమెంట్లు గట్టిపడి ఎముకలాగే తయారవుతాయి. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు తాగుతున్నా, ఒకసారి గట్టిపడ్డ వెన్ను మళ్లీ మెత్తబడదు. అందుకే నలభై దాటిన ప్రతి ఒక్కరితో చాప పరవకముందే మూడు పనులు చేయించాలి. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లు అందుకోవాలి. గదవను ఛాతీకి ఆనించాలి. చేతులు పక్కలకు చాచి, మడిచి, తల వెనక తాకించాలి. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ ఎముకల జబ్బు, అంటే ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది చూసే పరీక్షలే ఇవి. చేయలేనంత మాత్రాన ఫ్లోరోసిస్ అని తేల్చెయ్యకూడదు, తొడ వెనక కండరాలు బిగిసినా వేళ్లు అందవు. మూడూ కుదరకపోతే మాత్రం డాక్టరుకు చూపించి, ఎక్స్‌రే తీయించుకున్నాకే క్లాసుకు రమ్మనాలి.

ఇలాంటివాళ్లకు కాళ్లు తల వెనక్కు వేసే హలాసనం, శీర్షాసనం, పిలాటీస్‌లో వీపు మీద దొర్లే వ్యాయామాలు ఏవీ వద్దు. అన్నిటికంటే ప్రమాదం టీచర్ చెయ్యి. ‘ఇంకొంచెం వంగు పెద్దమ్మా, వస్తది’ అని వీపు మీద నొక్కితే, సాగే గుణమే పోయిన చోట బరువు పడుతుంది. లోపల వెన్నుపాము దారి ఇప్పటికే ఇరుకై ఉండొచ్చు. చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కడం, నడకలో తూలడం కనిపిస్తే ఆ రోజే క్లాసు ఆపి ఆస్పత్రికి పంపాలి. వెన్ను గట్టిపడినా ఈ లక్షణాలు లేనివాళ్లకు కుర్చీలో కూర్చుని భుజాలు తిప్పడం, మడమలు లేపడం, గోడ పట్టుకుని తుంటి నుంచి కాలు వెనక్కి చాపడం చాలు. నొప్పి మొదలయ్యే దగ్గరికి రాకముందే ఆగాలి.

తర్వాత ఊపిరి. పిలాటీస్‌లో గాలి పక్కటెముకల పక్కలకు, వెనక్కు పోవాలి. మాటల్లో చెబితే ఎవరికీ అందదు, తువ్వాలతో అందుతుంది. తువ్వాలను కింది పక్కటెముకల చుట్టూ చుట్టి, ముందు కొసలు అడ్డంగా మార్చి పట్టుకోవాలి. గాలి పీల్చినప్పుడు పక్కటెముకలు తువ్వాలను తోస్తాయి. వదిలేటప్పుడు కొసలు మెల్లగా లాగుతూ పొత్తికడుపు లోపలికి పోనివ్వాలి. ఎనిమిదిసార్లు చాలు. భుజాలు చెవుల వైపు లేస్తుంటే పీల్చే గాలి ఎక్కువైందని అర్థం, తగ్గించమనాలి.

ఈ పద్ధతి పెట్టిన జోసెఫ్ పిలాటీస్ 1883లో జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లో నిర్బంధంలో గడిపి, 1920ల్లో న్యూయార్క్‌లో స్టూడియో తెరిచాడు. తన పద్ధతిని కంట్రాలజీ అన్నాడు. చాప మీద చేసేవే 34 వ్యాయామాలు రాసిపెట్టాడు, కాబట్టి స్ప్రింగులతో జరిగే మంచంలాంటి రిఫార్మర్ మిషన్ లేదని మనకేం లోటు లేదు.

వాటిలో మొదటిది హండ్రెడ్. వెల్లకిలా పడుకుని, తల, భుజాలు, కాళ్లు లేపి, చేతులు పక్కన కిందికీ మీదికీ ఆడిస్తూ ఐదు ఊపులు గాలి పీల్చి, ఐదు ఊపులు వదలాలి. అలా పదిసార్లైతే నూరు. కొత్తవాళ్లు మోకాళ్లు మడిచి పాదాలు నేల మీదే పెట్టి, తల కింద మడిచిన దుప్పటితో నలభై ఊపులు చేస్తే చాలు. చూడాల్సింది కడుపు. మధ్యలో పూరీలా పొంగిందంటే బరువు కండరాలకు మించిందని లెక్క.

కాన్పులైన ఆడవాళ్లలో ఇలా కడుపు పొంగడం చాలా ఎక్కువ. మోకాళ్లు మడిచి పడుకున్నాక తల కొంచెం ఎత్తమని, బొడ్డు పైనా కిందా వేళ్లు అడ్డంగా పెట్టి చూడాలి. కడుపు కండరాల మధ్య సందు రెండు వేళ్లకు మించితే హండ్రెడ్, తల, కాళ్లు లేపే నౌకాసనం పక్కన పెట్టి, గాలి వదులుతూ మడమను నేల మీద జరిపి కాలు చాపడం ఒక్కో కాలికి ఎనిమిదిసార్లు చేయించాలి. సిజేరియన్ అయితే డాక్టరు సరేనన్నాకే.

వంగడం నేర్పడానికి ఒక నిటారు కర్ర కావాలి. వీపు వెంట నిలువుగా పట్టుకుంటే తల వెనక, వీపు మధ్య, నడుము కింది ఎముక మూడూ కర్రకు తగలాలి. అలాగే పిరుదులు వెనక్కు జరుపుతూ తుంటి దగ్గర వంగాలి. నడుము కింది ఎముక నుంచి కర్ర దూరమైందంటే వంగుతున్నది నడుము. బిందె ఎత్తేవాళ్లకూ, బస్తాలు మోసేవాళ్లకూ పది ఆసనాల కంటే ఇదొక్కటే ఎక్కువ ఉపయోగం. గుంట మగ్గం మీద కూర్చునే నారాయణపేట, పోచంపల్లి నేతగాళ్లకు మాత్రం వంగడం కన్నా ఛాతీ తెరవడం ముఖ్యం. వాళ్లకు చుట్టిన దుప్పటి భుజాల కింద అడ్డంగా పెట్టి మూడు నిమిషాలు పడుకోబెట్టాలి.

వానాకాలం నాట్లప్పుడు మిర్యాలగూడ వైపు ఆడవాళ్లు పొద్దంతా వంగే ఉంటారు. ఆ రోజుల్లో సాయంత్రం క్లాసులో కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం పెట్టకూడదు. పొలంలోనే ప్రతి పావుగంటకోసారి లేచి, చేతులు నడుముకు ఆనించి ఐదుసార్లు మెల్లగా వెనక్కు వాలమని చెప్పాలి. వెన్ను గట్టిపడ్డవాళ్లు నిటారుగా నిలబడి నాలుగడుగులు వేస్తే చాలు. ఇంటికొచ్చాక కాళ్లు గోడకు ఆనించి ఐదు నిమిషాలు పడుకోవడమే ఆ రోజు క్లాసు.