రెండు వైపులా వకాలతు

భోగి నాడు మా నాన్నగారింట్లో మొదలైన గొడవ న్యూజెర్సీ తిరిగొచ్చాక కూడా తేలలేదు. గొడవంతా ఒక కోడి గురించి.

భీమవరం పక్కన కాలవ గట్టు మీద మా ఊరు. నాన్న ఏడాదిన్నరగా ఒక డేగను పెంచుతున్నారు. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, ఎర్ర ఈకల పందెం పుంజు. పొద్దున్నే చెరువులో ఈత, తర్వాత చోళ్లు, గంటెలు, నానబెట్టిన బాదంపప్పు, అప్పుడప్పుడు మటన్ కైమా. మా పదిహేనేళ్ళ పెద్దాడు వెళ్ళిన మూడు రోజుల్లోనే బాదం తినిపించి దాన్ని మచ్చిక చేసుకున్నాడు. కాలికి కత్తి కట్టి బరిలోకి దింపుతారని తెలిసేసరికి వాడి మొహం మాడిపోయింది.

"ఇది చట్టవిరుద్ధం తాతయ్యా." 1960 నాటి జంతు హింస నివారణ చట్టం అప్పటికే వాడి ఫోన్లో తెరిచి ఉంది.

నాన్న తక్కువ తిన్నారా! "ఏరా అబ్బాయ్, మీ ఊళ్ళో చికెన్ తింటావు కదా, ఆ కోడి ఎన్నాళ్ళు బతికిందో చూడు."

వాడు వెతికాడు. ఆరేడు వారాలు.

"మరి? ఇది ఏడాదిన్నర రాజాలా బతికింది. ఎండ చూసింది, చెరువు చూసింది. మీది ఏం చూసింది?"

"అది తిండికి తాతయ్యా. ఇది సరదాకి."

ఇద్దరి మాటల్లోనూ పస ఉంది. నేను మాత్రం కొడుకు పక్షం తీసుకున్నాను. జూదం, గుండాట, తాగుడు, పండక్కి ఇళ్ళు గుల్ల చేసుకునేవాళ్ళు, అన్నీ ఏకరువు పెట్టాను. నాన్న నా వంక చూసి, "నువ్వూ దొరసానివైపోయావే" అని కండువా భుజాన వేసుకుని బయటికెళ్ళిపోయారు.

డేగ గెలిచింది. సాయంత్రం రెక్క కింద తెగిన గాయంతో ఇంటికొచ్చింది. వీధి అరుగు మీద నాన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని కుట్లు వేయబోయారు. చెయ్యి వణికి సూదిలోకి దారం ఎక్కడం లేదు. పెద్దాడు వెళ్ళి సూది అందుకుని, దారం కొస తడి చేసి ఎక్కించి ఇచ్చాడు. తర్వాత కోడి కాళ్ళు రెండూ కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. నాలుగు కుట్లు, పైన పసుపు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఇక ఫిబ్రవరిలో, పక్కింటి అమెరికన్ల ఇంట్లో విందు. సంక్రాంతికి వెళ్ళొచ్చామనగానే ఆవిడ, "కోళ్ళకి కత్తులు కడతారట కదా, అంత క్రూరత్వం ఎలా భరిస్తారు?" అంది. అంతే, నాలో ఎవరో లేచి నిలబడ్డారు. ఊరు వదిలిపోయినవాళ్ళంతా ఆ మూడు రోజులకి తిరిగొస్తారని, పుంజుని బిడ్డలా సాకుతారని, మీ లూసియానాలో 2008 దాకా కోడిపందేలు చట్టబద్ధమేనని, మీ బ్రాయిలర్ కోడి ఆరేడు వారాలేగా బతికేదని దంచేశాను. నాన్న మాటలే, అక్షరం పొల్లుపోకుండా.

కార్లో పెద్దాడు అడిగాడు. "అమ్మా, భోగి రోజు తాతయ్యతో ఇంకోలా చెప్పావు కదా?"

సమాధానం తట్టలేదు. ఆ రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

మా ఇంటికి దగ్గర్లోనే ప్రిన్స్‌టన్ ఉంది. 1951లో అక్కడి జట్టుకీ డార్ట్‌మత్ జట్టుకీ జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒకడి ముక్కు, ఇంకొకడి కాలు విరిగాయి. తర్వాత హేస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ మ్యాచ్ ఫిల్మును రెండు కాలేజీల పిల్లలకీ చూపించి, తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు సొంత కాలేజీ వాళ్ళకి సగటున నాలుగు చిల్లర కనబడితే, ప్రిన్స్‌టన్ వాళ్ళకి పది దాకా కనబడ్డాయి. ఎవరూ అబద్ధం ఆడలేదు. కళ్ళే పక్షం తీసుకున్నాయి.

హెన్రీ తాష్ఫెల్ చేసిన ప్రయోగం ఇంకా విడ్డూరం. 1970 ప్రాంతంలో బ్రిస్టల్‌లో పద్నాలుగు, పదిహేనేళ్ళ కుర్రాళ్ళకి, అంటే మావాడి ఈడు వాళ్ళకి, నీకు ఫలానా చిత్రకారుడి బొమ్మలు నచ్చాయి కాబట్టి నువ్వు ఈ జట్టు అని చెప్పారు. నిజానికి అది చీటీలు తీసినట్టు చేసిన విభజన. అయినా డబ్బు పంచమంటే తమ జట్టుకే ఎక్కువ ఇచ్చుకున్నారు. తమ జట్టుకి కాస్త తగ్గినా ఫర్వాలేదు, అవతలివాళ్ళకి ఇంకా తగ్గాలనుకున్నవాళ్ళూ ఉన్నారు. బొమ్మలకే అంత పట్టింపైతే, ఊరు, కులం, పార్టీ సంగతి చెప్పాలా? 2024 ఎన్నికలప్పుడు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోంచి మా చెల్లెలు అలిగి వెళ్ళిపోయింది. ఇంకా తిరిగి రాలేదు.

భోగి నాడు నేను మాట్లాడింది కోడి గురించి కాదు. అమెరికాలో పెరుగుతున్న నా కొడుకు ముందు పాతకాలపు మనిషిలా కనబడకూడదని మాట్లాడాను. విందులో మా నాన్నని ఎవరో ఆటవికుడన్నట్టు వినబడి మాట్లాడాను. అడిగే మనిషి మారేసరికి నా న్యాయమూ మారింది. పిల్లలకి మన సంస్కృతి నేర్పుతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఎవరి దగ్గర ఏ వాదన తియ్యాలో నేర్పుతున్నానేమో!

వారం తర్వాత వాడికి ఆ మాటే చెప్పాను, ఇంత వివరంగా కాకపోయినా. "సరే గానీ, నీ అసలు అభిప్రాయం ఏంటి?" అన్నాడు. కత్తి లేకపోతే బాగుండును అన్నాను. అది తాతయ్యకి చెప్తావా, పక్కింటావిడకి చెప్తావా అని అడిగాడు. వయసుకి మించిన ప్రశ్నలు వీడివి.

మొన్న ఆదివారం వాడే తాతయ్యకి వీడియో కాల్ చేశాడు. డేగ గాయం మానిందా అని. నాన్న ఫోన్ పట్టుకుని గంప దగ్గరికి నడిచారు. తెర నిండా ఎర్ర ఈకలు, ఒక కన్ను.

"వచ్చే సంక్రాంతికి నేను బరి దగ్గరికి రాను తాతయ్యా" అన్నాడు వాడు.

"రాకపోతే మానెయ్. పొద్దున్నే దీనికి ఈత కొట్టించాలి, ఆ పనికి రా" అన్నారు నాన్న.