ఎవరి డేటాబేస్ వాళ్లదే

రాత్రి నడిచిన టెస్టుల్లో పదిహేడు ఫెయిల్. ఒక్కొక్కటీ విడిగా నడిపితే అన్నీ పాస్. అలాంటి పొద్దులు నేను చాలా చూశాను. ఒక టెస్టు ఆర్డర్లు రద్దు చేస్తుంటుంది, అదే సమయంలో ఇంకోటి ఆ ఆర్డర్ల మొత్తాన్నే లెక్కగడుతుంటుంది. కోడ్‌లో తప్పేం లేదు, రెండూ ఒకే డేటాబేస్ మీద పడ్డాయంతే. ఒక్కో టెస్టుకూ సొంత కాపీ ఇస్తే ఈ గొడవ ఉండదు.

మా డేటాబేస్ 300 జీబీ. కాపీ కోసం డంప్ తీసి, అంటే డేటానంతా ఫైల్లోకి దించి, మళ్లీ రీస్టోర్ చేస్తే మూడు గంటలు దాటేది, వరుసల్ని త్వరగా వెతికిపెట్టే ఇండెక్సులన్నీ మళ్లీ కట్టుకోవాలి కదా. చిన్న డేటాతో కానిద్దామనీ చూశాం. వెయ్యి వరుసల టేబుల్‌లో ఏ క్వెరీ అయినా పరుగెడుతుంది. దాని అసలు రంగు బయటపడేది కోట్ల వరుసల మీదే.

మేం వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌లో టెంప్లేట్ నుంచి, అంటే నమూనాగా పెట్టుకున్న డేటాబేస్ నుంచి, కొత్త డేటాబేస్ తీసుకోవడం ఎప్పట్నుంచో ఉంది. కానీ అది ప్రతి బైటునూ కాపీ చేసేది, డిస్కు ఎంత వేగమైతే అంతే. 2025లో వచ్చిన 18వ వెర్షన్‌లో ఫైల్ కాపీ మెథడ్‌ను క్లోన్ అని పెట్టుకోవచ్చు. డేటాబేస్ సృష్టించేటప్పుడు స్ట్రాటజీ ఫైల్ కాపీ అని కూడా చెప్పాలి. 15వ వెర్షన్ నుంచి డిఫాల్ట్ వాల్ లాగ్, అంటే కాపీ చేసేదంతా మార్పుల చిట్టాలోనూ రాసే పద్ధతి, అది చిన్న డేటాబేసులకే నయం. లైనక్స్ ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో రీఫ్లింక్ (ఫైళ్లు ఒకే చోటును పంచుకునే సదుపాయం) ఉంటే డిస్కు మీది డేటా ముక్కలు, అంటే బ్లాకులు, కదలవు, కొత్త ఫైలు కూడా పాత బ్లాకులనే చూస్తుంది. టెస్టు ఏదైనా మార్చినప్పుడే ఆ బ్లాకుకు వేరే చోటు పడుతుంది.

మొదటిసారి నడిపాక నిమిషం కూడా పట్టలేదు. నమ్మలేక డిస్కు ఖాళీ ఎంతుందో చూశాను, తేడా దాదాపు లేదు. టేబుళ్లు తెరిచి వరుసలు లెక్కపెట్టాక గానీ మనసు కుదుటపడలేదు.

మర్నాడే క్లోన్ ఆగిపోయింది. టెంప్లేట్‌కు ఇంకెవరో కనెక్టయి ఉన్నారని ఎర్రర్. వెతికితే అది మా మానిటరింగ్ టూల్. టెంప్లేట్‌లోకి కనెక్షన్లే రాకుండా మూసేశాం. మూసేసినా క్లోన్ చేసుకోవచ్చు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మాస్కింగ్, అంటే అసలు వివరాల్ని మరుగుపరచడం. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు అప్‌డేట్‌తో మార్చేశాం కదా అనుకున్నాను. అప్‌డేట్ చేసినా పోస్ట్‌గ్రెస్ పాత వరుసను వెంటనే చెరిపేయదు, అది ఫైల్లోనే పడి ఉంటుంది. ఫైలును క్లోన్ చేస్తే ఆ నిజమైన నంబర్లూ వెంట వచ్చేస్తాయి. డంప్‌లో ఈ బెడద లేదు, బతికున్న వరుసలే బయటికొస్తాయి. ఇప్పుడు మాస్కింగ్ అవగానే ఆ టేబుళ్ల మీద పాత వరుసల్ని వదిలేసి టేబుల్‌ను తిరగరాసే వాక్యూమ్ ఫుల్ నడిచి, ఫైళ్లు కొత్తగా రాసుకున్నాకే టెంప్లేట్ అవుతుంది. ఆ మెట్టు దాటకుండా క్లోన్ మొదలవకూడదని ఈ పనులన్నీ వరసగా నడిపే పైప్‌లైన్‌లోనే రాసిపెట్టాను.