తూకం చివర, చూపు ముందు

ఎయిర్ రైఫిల్‌లో కాల్చే సీసం గుళ్లు, అంటే పెల్లెట్ల కొత్త డబ్బాలు ఈ రోజు దిగాయి. విజయనగరం దాకా కొరియర్ బండిలో కుదుపులు తిన్న సరుకు. మూత తీయగానే అడుగున బూడిద రంగు పొడి ఎంతుందో చూడాలి. సీసం మెత్తన, 500 పెల్లెట్లు ఒకదాన్నొకటి రాసుకుంటే రాలేది ఆ పొడే. అది ఎక్కువుందంటే స్కర్టులు, అంటే పెల్లెట్ వెనక ఉండే పల్చటి బోలు అంచులు, నొక్కుకుపోయినవీ ఎక్కువే ఉంటాయి. తెల్లగా పూత పట్టినవి మాత్రం మొహమాటం లేకుండా పక్కన పడేయాలి. తేమకి సీసం పట్టే తుప్పది. తుడిచినా పాత కొలత రాదు, పైగా ఒంట్లోకి పోతే విషం.

పెద్ద రైఫిళ్లలో మందుగుండు పట్టే ఇత్తడి కేసు గొడవ ఉంటుంది. లోపలి ఖాళీ కేసుకో రకంగా ఉంటే పీడనం మారుతుంది, బులెట్‌ని పట్టుకునే కేసు మెడ బిగువు మారితే బులెట్ విడిపోయే తీరు మారుతుంది, పదే పదే వాడితే ఇత్తడి గట్టిపడుతుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి అవేవీ లేవు. సీసం ముక్క, బ్యారెల్, గాలి, అంతే.

"ఏటి సార్, తూకమేసి ఏరేస్తే సరిపోదా?" అని పిల్లలు అడుగుతూనే ఉంటారు. లెక్క కట్టి చూపిస్తే గాని నమ్మరు. పెల్లెట్ 0.53 గ్రాములు, వేగం సెకనుకి దాదాపు 172 మీటర్లు. 10 మీటర్లు వెళ్లేలోపు కిందికి జారేది 16.6 మి.మీ. బరువు 0.01 గ్రాము పెరిగితే వేగం ఒక శాతం తగ్గుతుంది, జారుడు 0.3 మి.మీ. పెరుగుతుంది. టార్గెట్ మీద దశాంశం ఒక్కటికి, అంటే 0.1 పాయింటుకి, 0.25 మి.మీ. కాబట్టి పోయేది 0.1 పాయింటు, కాస్త ఎక్కువ. మంచి డబ్బాలో అంత తేడా ఉన్నవి దొరకడమే అరుదు. అదే స్కర్టు అంచు వంగిందనుకోండి, గాలి ఒక పక్క నుంచి ముందే తప్పించుకుంటుంది, పెల్లెట్ ఊగుతూ పోతుంది, పదిలో పడాల్సింది తొమ్మిదిలోకి జారుతుంది. తూకంలో ఆ వంపు కనిపించనే కనిపించదు.

అయినా తూకం వేయాలనుకుంటే 0.001 గ్రాము చూపే త్రాసు కావాలి. 0.01 దాకా చూపేదైతే అన్నిటికీ 0.53 అనే అంటుంది. ఫ్యాను కట్టేయాలి.

ముందు చూపు. తెల్ల కాగితం మీద కొన్ని కొన్నిగా పోసి, స్కర్టు అంచు గుండ్రంగా ఉందా, తల మీద గీత ఉందా అని లెన్సుతో చూడటం. తర్వాత అద్దం పలక కొంచెం వాల్చి దొర్లించడం. తల, స్కర్టు సైజులు వేరు కాబట్టి పెల్లెట్ తిన్నగా రాదు, ఒంపు తిరుగుతూ వస్తుంది. సరైనవన్నీ ఒకే ఒంపులో దిగుతాయి. తేడా ఉన్నది పక్క దారి పడుతుంది, సొట్ట ఉన్నది తడబడి ఆగుతుంది. ఇవాళ ఒకటి పలక మధ్యలోనే ఆగిపోయింది. లెన్సు పెడితే అంచున గోటి నొక్కంత గుంట.

అసలు తీర్పు బ్యారెల్‌ది. తల 4.49, 4.50, 4.51 మి.మీ. సైజుల్లో ఏది నప్పుతుందో ఏ రైఫిల్‌కి ఆ రైఫిలే చెప్పాలి. రైఫిల్‌ని కదలకుండా పట్టుకునే వైస్‌లో బిగించి, బ్యాచ్ మార్చినప్పుడల్లా మొదటి పది లెక్కలోకి తీసుకోకుండా వదిలేసి, తర్వాతి పదీ ఒకే చోట కాల్చాలి. పల్చటి కాగితం చిరిగిపోతుంది, మందం కార్డే వాడాలి. రంధ్రం బయటి అంచు నుంచి అంచుకి 6 మి.మీ. లోపుంటే ఆ బ్యాచ్ ఉంచుకోవచ్చు. అందులో 4.5 పెల్లెట్ మందమే కాబట్టి నిజమైన చెదురు 1.5 మి.మీ. మాత్రమే. ఇలా పది కాల్చిన ఒక్క గ్రూపు చూసి మురిసిపోకూడదు, కనీసం మూడు కావాలి. రైఫిల్ సిలిండరులో గాలి బాగా తగ్గాక ఈ పరీక్ష పెడితే పెల్లెట్ తప్పో గాలి తప్పో తేలదు. గాలి పీడనం 200 బార్ దాకా నింపుకుని కూర్చోవడం మేలు.

నెగ్గిన బ్యాచ్ నంబరు డబ్బా మీద స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి, అదే నంబరువి ఇంకొన్ని వెంటనే తెప్పించుకోవాలి. రోజుకి 150 కాల్చే పిల్లకి 5000 అంటే నెల మీద మూడు రోజులు. అందుకే నెగ్గినవి పోటీకి, మామూలు డబ్బాలు ప్రాక్టీసుకి.