నాన్న కోటు, కొడుకు భుజాలు

పరాయి దేశంలో పుట్టిన పిల్లలకు వరసలు, పలకరింపులు తెలుగులోనే వస్తాయి. బొత్తాం, కాజా, అస్తరు మాత్రం రావు. ఇంట్లో ఆ మాటలతో పని పడదు గనక. అబ్బాయి పదిహేడో ఏట సూటు అడిగినప్పుడు ఆ పని పడుతుంది. కొత్తది కొనే ముందు, బీరువాలో వేలాడుతున్న నాన్న కోటు దించి వాడికి తొడిగి చూడండి.

ముందు భుజం. అక్కడి కుట్టు వాడి భుజం ఎముక చివర ఆగాలి. అర అంగుళం అటూ ఇటూ అయితే సర్దుకోవచ్చు, అంగుళం దాటితే ఆ కోటు వాడిది కాదు. చేతులు ఊడదీసి, లోపలి మెత్త మార్చి, మళ్లీ ఎక్కించే పని మంచి దర్జీ అయినా వద్దనే అంటాడు. నడుము పట్టించడం తేలిక. వదులు చెయ్యడం మాత్రం లోపల మిగిల్చిన బట్టను బట్టి ఉంటుంది. వీపు మధ్య కుట్టును అస్తరు పైనుంచి తడిమితే ఆ మిగులు చేతికి తెలుస్తుంది. చేతుల చివర కాజాలు నిజంగా కత్తిరించి ఉంటే అక్కడ పొడవు మార్చడం కష్టం, కాజా కదలదు కదా. కోటు నిడివి రెండు సెంటీమీటర్లకు మించి తగ్గిస్తే జేబులు అంచు మీదికొచ్చినట్టుంటాయి.

పాత కోట్ల గొప్పతనం బట్ట బరువులో ఉంది. మీటరుకు 250 గ్రాముల ఊలు ఎండాకాలానికి, 300 నుంచి 340 దాకా ఉన్నది ఏడాది పొడవునా, 400 దాటితే చలికి. బరువైన ఊలు రాత్రంతా వేలాడితే ముడతలు చాలావరకు తనే పోగొట్టుకుంటుంది. చీటీ మీద ‘సూపర్ 150’ చూసి మురిసిపోనక్కర్లేదు. ఆ అంకె ఊలు వెంట్రుక ఎంత సన్నమో చెబుతుంది, అంతే. సూపర్ 100లో సగటు మందం 18.75 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు, 150లో 16.25కు మించదు. సన్నబడే కొద్దీ మెత్తగా ఉంటుంది, మోచేతుల దగ్గర తొందరగా అరుగుతుంది కూడా. కుర్రాడి వాడకానికి 100, 110 చాలు.

వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సూది బెజ్జాల్లాంటివి కనిపించాయా, చిమ్మట పట్టినట్టే. తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. చెమట, మరకలు ఉన్న చోట ముందు మొదలుపెడుతుంది. గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజు ఆగి సంచి విప్పాలి, లేకపోతే చల్లటి బట్ట మీద తడి చేరుతుంది.

టై పట్టును ఐమూలగా కత్తిరించి కుడతారు. అందుకే ముడికి సాగి, మళ్లీ సర్దుకుంటుంది. కుర్రాళ్లు ముడి విప్పకుండా సన్న కొస పట్టి లాగేస్తారు, టై వెనక పొడుగునా వేసిన కుట్టు దారం తెగుతుంది. వేసిన వరసనే వెనక్కి విప్పించండి.

ఇక నాన్న సంగతి. పొట్ట వచ్చాక బెల్టు దాని కిందికి జారుతుంది, ప్యాంటు బూట్ల మీద కుప్పపడుతుంది. బిగిస్తే ఇంకా జారుతుంది. భుజాల మీదుగా వేసుకునే సస్పెండర్లే దీనికి మందు. నడుము పట్టీకి ఆరు బొత్తాలు కావాలి, ముందు నాలుగు, వెనక రెండు. ముందు ఒక్కో జతలో ఒకటి ఇస్త్రీ మడత గీతకు తిన్నగా, రెండోది 8 సెంటీమీటర్లు పక్కకు. కుట్టడం అబ్బాయికి అప్పగించండి. బొత్తాం కింద అగ్గిపుల్ల పెట్టి కుట్టి, పుల్ల లాగేసి, ఆ వదులు దారం చుట్టూ నాలుగు చుట్లు చుట్టి ముడెయ్యాలి. ఆ చుట్టే బొత్తానికి కాడ, అది లేకపోతే సస్పెండర్ల తోలు పట్టీ మందానికి బొత్తాం ఊడొస్తుంది.

నాన్న వేళ్లు బిగుసుకుంటుంటే, చొక్కా చేతుల చివర బొత్తాలకు బదులు పెట్టుకునే కఫ్‌లింకులు అబ్బాయికిచ్చేసి మామూలు బొత్తాల చొక్కాలకు రావడమే నయం. వీపు కాస్త వంగాక పాత కోటు వెనక అంచు పైకి లేస్తుంది, కాలరు మెడను వదిలేస్తుంది. కొత్తదానికి వెనక భాగం పొడుగ్గా, ముందు పొట్టిగా కత్తిరించాలి. కొలతలప్పుడు ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడితే అదే తప్పు మళ్లీ వస్తుంది. అబ్బాయిని పక్కన ఉంచుకోండి, “నువ్వు రోజూ ఇలా నిలబడవు కదా నాన్నా” అని వాడే చెబుతాడు.