67 మస్టాంగ్‌కి వెనక స్వే బార్: ఎప్పుడు వేయాలి, ఎంత లావుది వేయాలి

పాత అమెరికన్ కారు మలుపులో పక్కకి వాలిపోతోందని ఎవరైనా అనడం ఆలస్యం, మనవాళ్లు చెప్పే మందు ఒకటే, 'వెనక స్వే బార్ ఒకటి వేయించు, సెట్ అయిపోతుంది' అని. సెట్ అవదు. వాలడం తగ్గుతుంది, అది నిజమే. కానీ కారు వాలకపోవడమూ రోడ్డుని గట్టిగా పట్టుకోవడమూ ఒకటే అనుకుంటే మొదటి వానకే తేడా తెలుస్తుంది. మా బాబాయ్ 1967 ఫోర్డ్ మస్టాంగ్‌కి ఈ మధ్యే వెనక బార్ బిగించాం కాబట్టి, అసలు అది ఏం చేస్తుందో, ఏం చేయదో, మన రోడ్ల మీద ఎంతవరకు పనికొస్తుందో రాద్దామనిపించింది.

కారు గురించి రెండు ముక్కలు. 289 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, అంటే 4.7 లీటర్ల వీ8, రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్, కంపెనీ లెక్కలో 200 హార్స్‌పవర్. ఎప్పుడో ఒక ఎంబసీ ఉద్యోగితో దేశంలోకి వచ్చి, చేతులు మారి మారి హైదరాబాద్ చేరింది. స్టీరింగ్ ఎడమ వైపే ఉంది, అందుకని ఆర్టీసీ బస్సుని దాటాలంటే పక్క సీట్లో ఉన్నవాడు తొంగి చూసి 'పో పో' అనాలి, ఆ ఉద్యోగం చాలాకాలంగా నాది.

స్వే బార్ అంటే యూ ఆకారంలో వంచిన స్ప్రింగ్ స్టీల్ కడ్డీ, అంతే. ఈ కారులో అయితే దాని మధ్య భాగం వెనక యాక్సిల్‌కి బుష్‌లతో, అంటే రబ్బరు లాంటి తొడుగులతో, పట్టి ఉంటుంది, రెండు కొసలూ చిన్న లింకులతో బాడీకి తగిలి ఉంటాయి. రెండు చక్రాలూ ఒకేసారి ఒకే ఎత్తుకి లేస్తే బార్ తన బుష్‌లలో తాను తిరిగి ఊరుకుంటుంది, దాని పని ఏమీ ఉండదు. బార్ వేశాక స్పీడ్ బ్రేకర్ల దగ్గర కారు గట్టిగా కొడుతోంది అనేవాళ్లు అందుకే షాకప్స్‌నో, కమాన్ కట్టలనో (లీఫ్ స్ప్రింగులనో) చూసుకోవాలి, తప్పు బార్‌ది కాదు. కారు ఒక పక్కకి వాలినప్పుడు మాత్రం ఒక కొస పైకి, ఇంకో కొస కిందికి పోయి తడి తువ్వాలు పిండినట్టు కడ్డీ మెలి తిరుగుతుంది, ఆ మెలికని అది ఎదిరిస్తుంది, మనకి కావాల్సింది ఆ ఎదిరింపే.

ఇక్కడే చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి ఎంత బరువు జరుగుతుందన్నది దాదాపుగా కారు బరువు, ఆ బరువు ఎంత ఎత్తులో ఉంది, చక్రాల మధ్య వెడల్పు ఎంత, మనం ఎంత వేగంగా తిప్పుతున్నాం అన్నవాటి మీదే ఉంటుంది. బార్ వేస్తే ఆ మొత్తం తగ్గదు. అందులో ముందు యాక్సిల్ వాటా ఎంత, వెనక యాక్సిల్ వాటా ఎంత అన్న పంపకం మాత్రమే మారుతుంది. వెనక బార్ వేశామంటే వెనక వాటా పెంచామన్నమాట. మీద పడే బరువు రెట్టింపైతే టైరు పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది, కాబట్టి వెనక జతలో బయటి టైరు మీద ఎక్కువ మోపి లోపలిదాన్ని తేలిక చేస్తే రెండూ కలిపి ఇచ్చే పట్టు తగ్గుతుంది. అంటే వెనక బార్ వెనక పట్టుని కొంచెం తీసేసి ముందు వైపుకి సాయం చేస్తుంది. ఈ కార్లలో బరువు సగం కంటే ఎక్కువ ముందు చక్రాల మీదే ఉంటుంది, స్టీరింగ్ తిప్పినా ముక్కు మాట వినక బయటికి పోతుంటుంది. అలాంటి కారుకి ఈ పంపకం మంచిదే, ఒక హద్దు వరకు. హద్దు దాటితే ముక్కు బదులు తోక బయటికి పోతుంది, 200 హార్స్‌పవర్ కారులో అది ఏ కాస్త తడి రోడ్డు మీద జరిగినా బాబాయ్ బీపీ మాత్ర వెతుక్కోవాలి.

ఆ కాలం కంపెనీల లెక్కలు చూసినా ఇదే కనిపిస్తుంది. 1965 షెల్బీ జీటీ350 రేసులని దృష్టిలో పెట్టుకుని తయారైన మస్టాంగ్, దానికి ముందు వైపు ఒక అంగుళం లావు బార్ వేశారు, ముందు చక్రాలని పట్టుకునే పై ఆర్మ్‌లని ఒక అంగుళం కిందికి దించారు, వెనక బార్ మాత్రం వేయలేదు. ఫోర్డ్ వాళ్లు 1970 బాస్ 302కి వెనక బార్ ఇచ్చారు, అదీ సన్నదే. జనరల్ మోటార్స్ వైపు 1964 ఓల్డ్స్‌మొబైల్ 4-4-2కే వెనక బార్ ఉంది, కాకపోతే దానికి వెనక కమాన్ కట్టలు లేవు, కాయిల్ స్ప్రింగులు. కాబట్టి 'ఫలానా కారుకి కంపెనీయే ఇచ్చింది కదా, మనదానికీ వేద్దాం' అనే లెక్క పనికిరాదు. కమాన్ కట్టలు యాక్సిల్‌కి బిగించి ఉండటం వల్ల అవి కూడా కొంత వాలుని ఎదిరిస్తూనే ఉంటాయి, ఆ ఎదిరింపుకి ఇంకొంచెం కలుపుతున్నాం, అంతే.

అందుకే నా వరకు వరస ఇది: టైర్లు, బుష్‌లు, షాకప్స్, ముందు బార్, ఆ తర్వాతే వెనక బార్. బాబాయ్ కారులో కమాన్ కట్టల బుష్‌లు ఎండిపోయి పగిలి ఉండేవి, అవి మార్చేసరికే సగం ఊగుడు పోయింది. ముందు వైపు ఒక అంగుళం బార్ వేశాక వాలడం ఇంకా తగ్గింది గానీ ముక్కు మరింత మొండికేసింది, ఎందుకంటే పైన చెప్పిన పంపకం ఈసారి ముందు వైపు పెరిగింది. వెనక బార్ అవసరం అప్పుడొచ్చింది.

ఎంత లావుది? ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, జనం అన్నిటికంటే తేలిగ్గా తీసుకునేది కూడా. కడ్డీ గట్టిదనం దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 16 మిల్లీమీటర్ల బార్ బదులు 19 మిల్లీమీటర్లది వేస్తే చేత్తో పట్టుకుని చూస్తే పెద్ద తేడా కనిపించదు, గట్టిదనం మాత్రం దాదాపు రెట్టింపు. 19 నుంచి 22కి పోతే ఇంకో 80 శాతం. లింకు తగిలే చోటు మధ్య కడ్డీకి ఎంత దూరంగా ఉంటే బార్ అంత మెత్తగా పని చేస్తుంది, అందుకే చేతుల మీద, అంటే బార్ రెండు పక్కలా వంగిన భాగాల మీద, రెండు మూడు రంధ్రాలున్నది కొంటే ఎక్కువ తక్కువలు సవరించుకోవచ్చు. మేము 16 తీసుకున్నాం. లావుగా ఉంటే మంచిదని బాబాయ్ 22 అడిగాడు, నేను ఒప్పుకోలేదు.

బాలానగర్ వైపు ఉన్న మేస్త్రీ షెడ్డులో ఈ పని జరిగింది. ఆయన అంబాసిడర్ల కాలం నాటి మనిషి, కమాన్ కట్టల బండ్లే అన్నం పెట్టినయి అంటాడు. కిట్ ధర, దాని మీద కస్టమ్స్ సుంకం విని ఆయనకి నవ్వొచ్చింది.

"గింత దానికి అమెరికా నుంచి తెప్పిచ్చుడెందుకు సార్, రాణిగంజ్‌ల రాడ్ దొరుకుతది, నేనే వంచి ఇస్త."

"వంచితే వంగుతుంది అన్నా, మెలి తిరిగాక వెనక్కి రావాలి కదా."

ఆయన కాసేపు ఆలోచించి తల ఊపాడు. ఈ సంగతి కొంచెం విడమర్చాలి. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రాడ్డయినా స్ప్రింగ్ స్టీల్ అయినా ఒకే లావు ఉంటే మొదట్లో గట్టిదనం ఇంచుమించు ఒకటే, అందుకే లోకల్‌గా వంచిన రాడ్ కూడా మొదటి రోజు బ్రహ్మాండంగా పని చేసినట్టే ఉంటుంది. తేడా ఎక్కడంటే ఎంఎస్ రాడ్ తొందరగా లొంగిపోతుంది, ఒక గట్టి గుంతలో ఒక చక్రం పడితే మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది, ఇక అప్పటి నుంచి కారు ఒక పక్కకి ఒరిగి నిలబడుతుంది. స్ప్రింగ్ స్టీల్‌ని వంచాక వేడి చేసి, చల్లార్చి, మళ్లీ తగినంత వేడితో పదును సరిచేయాలి. అది సరిగ్గా చేసేవాళ్లు దొరికితే లోకల్ రాడ్‌కి నాకేం అభ్యంతరం లేదు.

బిగించేటప్పుడు యాక్సిల్ గొట్టాల కింద స్టాండ్లు పెట్టి కారు బరువు కమాన్ కట్టల మీదే ఉండేలా చూసుకున్నాం. బాడీ కింద స్టాండ్లు పెడితే యాక్సిల్ వేలాడుతుంది, ఆ స్థితిలో లింకులు బిగిస్తే కొలతలన్నీ తప్పుతాయి. మస్టాంగ్‌లో యాక్సిల్‌ని కమాన్ కట్టకి బిగించే యూ బోల్టుల కింది ప్లేటుకే షాకప్ కింది కొస కూడా తగిలి ఉంటుంది, బార్ కిట్‌లో ఆ ప్లేటు బదులు బార్ పట్టే కొత్త ప్లేటు వస్తుంది. రెండు వైపులా ఒకేసారి విప్పకూడదు. ఒక వైపు పూర్తిచేసి రెండోది మొదలుపెట్టాలి, లేకపోతే యాక్సిల్ జరిగిపోయి కమాన్ కట్ట మధ్య బోల్టు తల దాని గుంటలోంచి తప్పుకుంటుంది, మళ్లీ కూర్చోబెట్టడానికి జాకీతో కుస్తీ పట్టాలి. పాత యూ బోల్టులు తుప్పుతో ఎంత మొండికేశాయంటే చివరికి మేస్త్రీ గ్రైండర్‌తో కోశాడు, ఎలాగూ ఒకసారి విప్పిన యూ బోల్టులు మళ్లీ వాడకూడదు కాబట్టి బాధ లేదు.

లింకు పై కొసల కోసం వెనక ఫ్రేమ్ రెయిల్‌కి రంధ్రాలు వేయాల్సి వచ్చింది, బాబాయ్‌కి టెన్షన్ మొదలైంది అక్కడే. రెయిల్ లోపల బోలుగా ఉంటుంది, ఊరికే బోల్టు దూర్చి బిగిస్తే రేకు లోపలికి నొక్కుకుపోతుంది, కాబట్టి లోపల ఒక గొట్టం ముక్క స్లీవ్‌లా పెట్టి దాని మీద బిగించాం. వెల్డింగ్ లేదు, రేపు వద్దనుకుంటే బార్ విప్పి రంధ్రాలకి రబ్బరు బిరడాలు పెట్టేయొచ్చు.

టెన్షన్ ఎందుకంటే చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన రూపం మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయలు కట్టి పదేళ్లకి వీఏ సిరీస్ నంబరు తీసుకోవచ్చు, కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులేవీ చేసి ఉండకూడదు. పైగా ఆ నంబరు తీసుకుంటే మామూలుగా రోడ్డెక్కడం కుదరదు, ర్యాలీకో ప్రదర్శనకో, పెట్రోలుకో రిపేరుకో మాత్రమే. బాబాయ్ ఇంకా ఆ నంబరుకి వెళ్లలేదు. చిన్న బోల్టు రంధ్రాలు పెద్ద మార్పు కాదనే నా ఉద్దేశం, చూసే అధికారి ఉద్దేశం వేరుగా ఉండొచ్చు, కాబట్టి ఆ నంబరు కోసం వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు డ్రిల్లు పట్టకముందే అడిగి తేల్చుకోండి.

ఆ తర్వాత పని తేలికే. బుష్‌లు పాలీయురథేన్‌వి, వాటికి సిలికాన్ గ్రీజు దట్టంగా పట్టించాలి, మామూలుగా వదిలేస్తే కొద్దిరోజులకే కిచకిచమంటాయి. రెండో లింకు బోల్టు చేత్తో తోస్తే దూరిపోవాలి. సుత్తితో కొట్టాల్సి వచ్చిందంటే బార్ అప్పటికే మెలి తిరిగి ఉన్నట్టు, లింకు పొడవు సవరించాలి. చివర్లో మేస్త్రీ ఒక వైపు యాక్సిల్‌ని జాకీతో ఎత్తి, ఇంకో వైపు దించి, సైలెన్సర్ పైపు, బ్రేకు హోస్, హ్యాండ్ బ్రేకు కేబుల్ ఎక్కడైనా బార్‌కి తగులుతున్నాయేమో టార్చి పెట్టి చూశాడు. ఎడమ వైపు పైపు మరీ దగ్గరగా వచ్చింది, దాని హ్యాంగర్ జరిపాం. కొత్త బార్ మీద మురిసిపోయి ఇది చూడకుండా వెళ్లిపోతే మొదటి గుంతకే టకటక మొదలవుతుంది.

తేడా తెలుసుకోవడానికి ఒక మంచి పద్ధతి ఉంది. ఒక వైపు లింకు విప్పి కట్టేస్తే బార్ ఉన్నా లేనట్టే. అలా ఒకసారి, బిగించి ఒకసారి, తెల్లవారుజామున ట్రాఫిక్ లేనప్పుడు ఓఆర్ఆర్ మీద అదే ఎగ్జిట్ ర్యాంపు గుండ్రంగా అదే వేగంతో దిగాం. వాలడంలో తేడా నేను అనుకున్నంత లేదు, ఆ పని ముందు బార్ ఎప్పుడో చేసేసింది. స్టీరింగ్‌లో తేడా మాత్రం స్పష్టంగా ఉంది, ఇదివరకు ర్యాంపు మధ్యలో ఇంకొంచెం తిప్పి పట్టుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు మొదట తిప్పినంతతోనే ముక్కు లోపలికి వస్తోంది. నష్టం కూడా ఉంది. ఒక చక్రం కిందికే వచ్చే గుంతలు, రోడ్డు మట్టం కంటే పైకి లేచిన మ్యాన్‌హోల్ మూతలు (మన ఊళ్లో వాటికేం కొదవ) ఎక్కినప్పుడు ఆ కుదుపు బార్ ద్వారా రెండో వైపుకీ పాకి, కారు పక్కపక్కలకి తల ఆడిస్తుంది. మూసాపేట దాటేసరికి బాబాయ్ తేల్చేశాడు.

"బానే ఉంది గానీ, ఇన్ని డబ్బులు పోసి కారు వంగకుండా చేశావు, అదేదో ఏసీ సంగతి చూసుంటే మీ పిన్ని కూడా ఎక్కేది కదరా."

వానాకాలానికి నేను అనుకుంటున్నది ఇది: బార్ చేతుల మీద చివరి రంధ్రంలో, అంటే అన్నిటికంటే మెత్తటి చోట, లింకులు పెట్టి ఉంచడం. లారీల డీజిల్ కారిన రోడ్డు మీద తొలకరి పడ్డాక కూడా తోక జారుతున్నట్టు అనిపిస్తే ఒక లింకు పూర్తిగా విప్పేయడమే, పది నిమిషాల పని, రింగు పానాలు రెండు డిక్కీలో పెట్టుకుంటే చాలు. విప్పిన లింకుని వేలాడనివ్వకుండా గట్టి జిప్ టైతో బార్‌కే కట్టండి, బ్రేకు హోస్ వైపు మాత్రం రానివ్వద్దు. యూ బోల్టులు ఎలాగూ కొంత తిరిగాక మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించాలి, మాది వచ్చే ఆదివారం పెట్టుకున్నాం.