పైసలు పెట్టి పెంచిన పాచి

పోయిన మే నెలలో మా అమ్మ ట్యాంకు ముందు కాసేపు నిలబడి, "ఏంది బిడ్డా, చెరువుల ఊరికే దొరికే పాచిని పైసలు పెట్టి పెంచుతున్నవా?" అంది. జవాబు చెప్పలేకపోయా. 150 లీటర్ల ఉప్పునీళ్ల ట్యాంకు, అందులో రెండు క్లౌన్ చేపలు, నాలుగు మెత్తటి కోరల్స్. రాళ్ల నిండా మాత్రం వేలెడు పొడవు పచ్చటి వెంట్రుకల నాచు, పంపు తిరిగినప్పుడల్లా వరి నారులా అటూ ఇటూ ఊగుతూ.

ముందు లైటును అనుమానించి పది గంటల నుంచి ఆరు గంటలకు తగ్గించా. కోరల్స్ ముడుచుకున్నాయి, నాచుకు చీమ కుట్టినట్టు కూడా లేదు. టెస్ట్ కిట్ తెప్పించి చూస్తే నాచుకు ఎరువులా పనిచేసే నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. ఆ సున్నాలు చూసి మురిసిపోయి ఇంకో నెల పోగొట్టుకున్నా. ఎరువు లోపలికి రాక కాదు, వచ్చింది వచ్చినట్టు నాచే తినేస్తుంటే నీళ్లలో ఇంకేం మిగులుతుంది?

అసలు దొంగ మా వంటింట్లోనే ఉన్నాడు. నల్గొండ ఎండలకు ట్యాంకు వేడెక్కకుండా పైన ఫ్యాన్ పెడితే రోజుకు నాలుగు లీటర్లు ఆవిరయ్యేవి, ఆ లోటును నేను ప్లాంటు నుంచి తెచ్చే క్యాన్ నీళ్లతో నింపేవాణ్ణి. ఆవిరయ్యేది ఉత్త నీళ్లే, అందులో కరిగినవన్నీ లోపలే ఉండిపోతాయి, గీజర్ కాయిల్‌కు తెల్ల పెచ్చు కట్టినట్టే. నెలకు 120 లీటర్లు పోస్తున్నానన్నమాట. ఒకరోజు అనుమానం వచ్చి అదే కిట్‌తో క్యాన్ నీళ్లను చూస్తే నైట్రేట్ రంగు 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) దగ్గర ఆగింది. లెక్క కడితే నెలకు ట్యాంకు మొత్తానికి 8 పీపీఎం, చేపల మేత కాక. ఇంటి ఆర్వో నీళ్లు కూడా, కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటర్‌లో 70 చూపించాయి. రుచి కోసమని కొంచెం బోరు నీళ్లు కలిపే స్క్రూ ఒకటి ఉంటుంది దానికి, అది తెరిచే ఉంది.

మా నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, నేనూ మొదట దాన్నే తిట్టా. కానీ సముద్రపు నీళ్లలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉంటుంది, ఈ విషయంలో పాపం దాని తప్పేం లేదు.

ఆ స్క్రూ మూసేసి, ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి పెట్టించా. మీటర్ సున్నాకు వచ్చింది. అలాగని ఉన్న నాచు దానంతటది పోదు, చేత్తో పీకాల్సిందే. ట్యాంకులోనే పీకితే ముక్కలు ఎగిరి ఇంకోచోట అంటుకుంటాయి కాబట్టి, ట్యాంకు నీళ్లే బకెట్లో పట్టి, రాయిని అందులో పెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమా. రెండు గుప్పెళ్లు వచ్చింది. మల్లెచెట్టు మొదట్లో వేస్తానని అమ్మ తీసుకెళ్తుంటే ఉప్పు ఉంటుందని ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాతే హైదరాబాద్ నుంచి ఆరు టర్బో నత్తలు తెచ్చా, ఎందుకంటే పొడుగు నాచును అవి సరిగా ముట్టవు, తోమాక వచ్చే పొట్టి మొలకల్ని మాత్రం నున్నగా గీకేస్తాయి. సీసాల్లో అమ్మే నాచు మందుల జోలికి వెళ్లలేదు, రాగి ఉన్నదైతే నత్తలు, కోరల్స్ కూడా చస్తాయి.

ఒక్క మాట, సున్నా కోసం మరీ తాపత్రయపడకండి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ పూర్తిగా ఎండిపోతే గోధుమ రంగు జిగురు, దాంట్లో బుడగలు, అంటే డైనోలు (డైనోఫ్లాజెలేట్లనే సూక్ష్మజీవులు) దిగుతాయి. వాటికంటే ఈ పచ్చ నాచే నయం. నేనిప్పుడు నైట్రేట్ 5 దగ్గర ఉంచుతున్నా.

పంపు వెనకాల అరచేయంత పాచి ఇంకా ఉంది. నిన్న మీటర్ 3 చూపించింది, రెజిన్ అయిపోతున్నట్టుంది, ఆదివారం మార్చాలి.